ఎవరి కట్టు వారిదే

సొంత కట్టు అంటే ముఖం కనపడకముందే, దూరం నుంచే ఒక మనిషిని ఫలానా అని గుర్తుపట్టించే బట్టల తీరు. దానికి ఖరీదుతో పని లేదు, కొత్తదనంతోనూ లేదు. ఏళ్ళ తరబడి అదే తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన అదే చొక్కా వేసుకునే కొబ్బరి వ్యాపారికి అది ఉంటుంది. బీరువా తలుపు పట్టనన్ని చీరలున్నా, పెళ్ళికి పిలుపు రాగానే ఏది కట్టుకోవాలో తోచని మనిషికి అది ఇంకా కుదరనట్టే. ఫ్యాషన్ అన్నది ఒక కాలంలో చాలామంది ఒకేసారి ఒప్పుకునే తీరు. సొంత కట్టు ఒక మనిషి చాలాకాలం నిలబెట్టుకునే తీరు. మొదటిది బజారు నుంచి ఇంటికి వస్తుంది. రెండోది ఒంటి నుంచి, చేసే పని నుంచి, ఊరి గాలి నుంచి, జ్ఞాపకాల నుంచి మెల్లగా కుదురుతుంది.

కోనసీమలోని అల్లవరం లాంటి ఊళ్ళో ఈ తేడా పట్నంలో కంటే తేటగా కనిపిస్తుంది. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క వైనతేయ గోదావరి, నడుమ కొబ్బరితోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు. అదే మండలంలోని ఓడలరేవులో వేటకు వెళ్ళే వారి బట్ట ఒకటి, అదే ఊళ్ళో ఉన్న ఓఎన్‌జీసీ టెర్మినల్‌లో డ్యూటీ చేసేవారి బట్ట మరొకటి. కొబ్బరి దింపు తీసేవారు లుంగీ పైకి ఎగగట్టి తువ్వాలు తలకు చుడతారు. వైదిక కుటుంబాల్లో గోచి పోసి కట్టిన పంచె, ఉత్తరీయం ఈనాటికీ రోజువారీ బట్టలే. జీన్సు, కుర్తీలు వేసుకున్న అమ్మాయిలు పొద్దున్నే అమలాపురం కాలేజీలకు వెళ్ళే బస్సుల కోసం నిలబడతారు. కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళ పనులు చేసి తిరిగొచ్చిన ఆడవాళ్ళ సూట్‌కేసుల్లోంచి గల్ఫ్ గుడ్డలు, స్కార్ఫులు దిగుతాయి. ఇన్ని తీర్లు ఒకే దారి మీద ఎదురయ్యే చోట, ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్ ఇదీ అని ఒక్కముక్కలో తేల్చడం ఎవరివల్లా కాదు. కానీ తేల్చి చెప్పేవారు ఎప్పుడూ ఉన్నారు, వారి మాట చెల్లిన కాలమూ చాలా ఉంది.

బట్ట మీద అధికారం

అల్లవరం మండలంలోనే ఉన్న బెండమూర్లంకలో 18వ శతాబ్దిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఫ్యాక్టరీ ఉండేది. ఆనాటి లెక్కలో ఫ్యాక్టరీ అంటే యంత్రాలున్న చోటు కాదు; చుట్టుపక్కల నేతగాళ్ళకు ముందుగా డబ్బిచ్చి, గుడ్డ కొని, ఓడకెక్కించే వర్తక స్థానం. గోదావరి డెల్టాలో యానాం దగ్గరి ఇంజరం, నరసాపురం పక్కన మాధవాయిపాలెం కూడా ఇలాంటివే. ఇంజరంలో కంపెనీ 1708లో దిగింది. అక్కడి సన్నని పొడుగు గుడ్డకు యూరప్‌లో మంచి గిరాకీ. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడు స్థావరాలనూ పట్టుకున్నాడు. రెండు తెల్లదొరల కంపెనీలు గోదావరి పాయల మధ్య కొట్టుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడి మగ్గాల మీద దిగే గుడ్డ.

ఆ గుడ్డ ఎంత వెడల్పు ఉండాలో, ఎంత పొడుగు నేయాలో, ఏ రకానికి ఎంత ఇవ్వాలో కొనే కంపెనీ చెప్పేది. లండన్ వేలంపాటలో ఏది పోతే కోనసీమ మగ్గం మీదికి అదే ఎక్కేది. 19వ శతాబ్దిలో కంపెనీ ఈ వర్తకం మానుకుంది, ఇంగ్లండు మిల్లుల గుడ్డ మన రేవుల్లో దిగడం మొదలైంది. పరాయి అభిరుచిని నమ్ముకుని నేసిన వారి చేతుల్లోంచి పని జారిపోయింది. ఫ్యాషన్ మారితే అద్దం ముందు నిలబడ్డవారికే నష్టమని అనుకుంటాం. గోదావరి జిల్లాల నేతగాళ్ళు మాత్రం ఆ నష్టాన్ని కడుపు మాడ్చుకుని భరించారు.

ఊరి లోపలి అధికారం ఇంకా గట్టిది. మోకాళ్ళ కిందికి పంచె దిగకూడదు, భుజాన కండువా ఉండకూడదు, ఫలానా వీధిలో చెప్పులతో నడవకూడదు అనే కట్టడులు తెలుగు పల్లెల్లో దళితుల మీద తరాల పాటు నడిచాయి. కట్టును చూసి కులం చెప్పగలగడం ఆనాటి ఊరి వ్యవస్థలో ఒక పనిముట్టు. తిరువాన్కూరు సంస్థానంలోనూ నాడార్ స్త్రీలు రవిక వేసుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు, 1859లో రాజు ఉత్తర్వు ఇస్తేగాని ఆ గొడవ ఒక కొలిక్కి రాలేదు. 1927 డిసెంబరులో మహారాష్ట్రలోని మహద్‌లో డాక్టర్ అంబేద్కర్ దళిత స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడారు. కులాన్ని చాటే పాత చీరకట్టు, ఒంటినిండా మోటైన నగలు మానేసి, అందరు స్త్రీల లాగే చీర కట్టుకోమన్నారు. ఆయన తానుగా సూటు, టై ఎంచుకున్నారు. 2022లో ఆయన పేరు పెట్టుకున్న ఈ జిల్లాలో చాలా ఊళ్ళ కూడళ్ళలో నీలం సూటుతో ఆయన విగ్రహం నిలబడి ఉంటుంది. ఆ సూటును దొరల అనుకరణ అనేవారు చరిత్ర సగమే చదివినట్టు. ఏ బట్ట కట్టాలో ఇంకొకరు నిర్ణయించే హక్కును కాదనడమే ఆ సూటుకు అర్థం.

వితంతువుల తెల్లచీర ఇలాంటి మరో కట్టడి. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ పెళ్ళిపీటల మీద ఓడింది కేవలం శాస్త్రవాదం కాదు. ఒక ఆడపిల్లకు జీవితాంతం ఒకే రంగు అని రాసిపెట్టిన ఆచారం కూడా. ఈరోజుల్లో భర్త పోయిన స్త్రీలు రంగు చీరలు కట్టుకుంటున్నారు. అయినా శుభకార్యంలో ముదురు ఎరుపు కట్టుకుంటే చూపులు తిరుగుతాయి. తెల్లచీర కథ కోనసీమలోనే ఇంకో రకంగా కూడా ఉంది. ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో అది పెళ్ళికూతురి చీర, ఆదివారం ప్రార్థనకు కట్టుకునే చీర. ఒకే వీధిలో ఒక ఇంటి దుఃఖపు రంగు పక్కింటి పండగ రంగు అయినప్పుడు, రంగుకు తనంతట తాను అర్థం లేదని వేరే చెప్పనక్కర్లేదు. నలుపూ అంతే. కోనసీమలో సంక్రాంతి నాడు నల్లచీర కడితే పెద్దవాళ్ళు ఊరుకోరు. మహారాష్ట్రలో అదే పండక్కి నలుపు వెతికి మరీ కట్టుకుంటారు.

కావాలని ఎంచుకున్న బట్ట

సొంత కట్టు ఎంత బలంగా మాట్లాడగలదో స్వాతంత్ర్యోద్యమం చూపించింది. 1921 సెప్టెంబరు 22న మధురైలో గాంధీ పొడుగు పంచె, చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి గుడ్డకు మారారు. అంతకుముందు అదే ఏడాది ఆయన కాకినాడ వచ్చినప్పుడు, పన్నెండో ఏట ఉన్న దుర్గాబాయి తన చేతి బంగారు గాజులు తీసి ఇచ్చేసింది. విదేశీ బట్టలు మంటల్లో వేసి ఖద్దరుకు మారిపోయింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల దగ్గర ఖద్దరు ప్రదర్శనకు ఆ అమ్మాయి వలంటీరు. టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను గుమ్మం దగ్గరే ఆపేసింది. ఆ తర్వాత ఆమె రాజ్యాంగ సభలో కూర్చున్నారు, పెళ్ళయ్యాక దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరుపొందారు. ఖద్దరు ఆ రోజుల్లో అందం కోసం కట్టిన బట్ట కాదు. ముతకది, బరువైనది, తడిస్తే ఒక పట్టాన ఆరనిది. అయినా దాన్ని కట్టినవారికి అది అంత నప్పిందంటే, వారి మనసులోని మాట, ఒంటి మీది బట్ట ఒకటే కావడం వల్ల.

తర్వాతి కాలపు నాయకులకు ఈ సంగతి బాగా తెలుసు. 1982లో ప్రచారానికి చైతన్యరథం ఎక్కినప్పుడు ఎన్.టి.రామారావు ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు ఎంచుకున్నారు. తెర మీద పట్టుపీతాంబరాలతో దేవుడై కనిపించిన మనిషి రోడ్డు మీద ఖాకీలో కనిపించడం జనానికి కొత్త. ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం కట్టారు. వై.ఎస్.రాజశేఖరరెడ్డి 2003 పాదయాత్రలో పంచెకట్టుతో నడిచారు. ఆ తర్వాత తెలుగునాట తెల్ల పంచె అనగానే చాలామందికి ఆయనే గుర్తొస్తారు. ఇవి ప్రజల కోసం ఆలోచించి కట్టుకున్న వేషాలే కావచ్చు. కానీ ఒక సూత్రం మాత్రం సామాన్యుడికీ పనికొస్తుంది. ఎంచుకున్న బట్ట తక్కువ రకాలదై, ఎక్కువ కాలం నిలిస్తే అది మనిషికి పేరు లాగా అతుక్కుంటుంది.

ఆధునిక ఉద్యోగానికి పాత కట్టు పనికిరాదనే మాట కూడా నిలబడలేదు. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారక కక్ష్యలో చేరినప్పుడు, ఇస్రోలో పట్టుచీరలతో, తలలో పూలతో ఒకరినొకరు అభినందించుకుంటున్న మహిళల ఫోటో ప్రపంచమంతా తిరిగింది. వారు ఫోటో కోసం ముస్తాబు కాలేదు. మంచిరోజున తమ ఇళ్ళల్లో ఎలా తయారవుతారో అలాగే ఆఫీసుకు వచ్చారు.

తెర మీది నుంచి దుకాణానికి

అభిరుచిని తీర్చిదిద్దే పని ఇప్పుడు కంపెనీ దొరలు చేయరు, ఊరి పెద్దలూ అంతగా చేయరు. ఆ పనిని సినిమా, టీవీ సీరియల్, ఫోను పంచుకున్నాయి. సావిత్రి కాలపు బుట్ట చేతుల జాకెట్లు, 1970లలో వాణిశ్రీ చీరకట్టు, పెద్ద కొప్పు, కుర్రాళ్ళ బెల్‌బాటమ్ ప్యాంట్లు, ఆ తర్వాత బ్యాగీలు వరుసగా ఊళ్ళను ఊపాయి. ఆడిన సినిమా పేరు పెట్టి చీరలమ్మడం బట్టల కొట్లకు పాత అలవాటు. చాలా ఏళ్ళకు 2018లో ‘మహానటి’ సినిమా సావిత్రి నాటి చేనేత చీరలను, జాకెట్ల తీరును మళ్ళీ బయటికి తీసింది. ఆ దుస్తులకు గౌరాంగ్ షా, ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులకు జాతీయ అవార్డు దక్కింది. అమ్మమ్మ పెట్టెలోని జాకెట్టు మనవరాలికి ఫ్యాషన్ అయింది. పెట్టెలో దాచుకున్న అమ్మమ్మ ఏమీ పోగొట్టుకోలేదు. మూడు తరాల మోజులకూ కొత్తవి కొంటూ పాతవి పారేసినవారే ఎక్కువ ఖర్చుపెట్టారు.

ఓణీ కథ ఇంతకంటే విచిత్రం. నలభై ఏళ్ళ కిందటి దాకా ఈడొచ్చిన ఆడపిల్లలకు లంగా ఓణీ రోజువారీ బట్ట. దాంతోనే బడికి వెళ్ళేవారు, చెరువు నుంచి నీళ్ళు తెచ్చేవారు. పంజాబీ డ్రెస్ రాగానే అది వెనక్కు తగ్గింది. ఇప్పుడు అదే లంగా ఓణీ వేల రూపాయల ఫంక్షన్ డ్రెస్. గోదావరి జిల్లాల్లో ఆడపిల్లలకు ఓణీల ఫంక్షన్, మగపిల్లలకు పంచెల ఫంక్షన్ పందిళ్ళు వేసి, భోజనాలు పెట్టి మరీ చేస్తున్నారు. ఆ పంచె ఆ ఒక్కరోజు ఒంటి మీద ఉంటుంది, తర్వాత అటకెక్కుతుంది. రోజూ కట్టేవాడి పంచెకు, ఫోటో కోసం కట్టిన పంచెకు నడకలోనే తేడా తెలిసిపోతుంది. ఒంటికి అలవాటైన బట్ట మనిషిని మోస్తుంది. అలవాటు లేనిదాన్ని మనిషే మోయాలి.

“వదినా, ఈ వయసులో ఆ రంగేంటి?” అనే మాట అల్లవరంలోనైనా అమెరికాలోనైనా తెలుగు స్త్రీకి తప్పదు. యాభై దాటితే లేత రంగులు, నలుపు రంగు పిల్లకు ముదురు రంగు నప్పదు, పొట్టిగా ఉంటే పెద్ద అంచు వద్దు, లావుగా ఉంటే అడ్డచారలు వద్దు అని ఒక చిన్న శిక్షాస్మృతి ఇంటింటా కంఠోపాఠం. వీటిలో ఎన్నిటికి ఆధారం ఉంది? అడ్డచారల సంగతే చూస్తే, చూపును పరీక్షించిన శాస్త్రం దీన్ని తిరగేసింది. 1860లలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ అడ్డగీతలు నింపిన చదరం నిలువుగీతలు నింపిన చదరం కంటే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుందని గమనించారు. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయంలో పీటర్ థాంప్సన్ దీన్ని మనుషుల బొమ్మల మీద పరీక్షించి, అడ్డచారలు మనిషిని లావుగా చూపించవని 2011లో అచ్చు వేశారు. ఒంటి రంగు విషయంలోనైతే కళ్ళ ముందు కనిపించేదే చాలు. చామనఛాయ, నలుపు మేనుల మీద పసుపు, ముదురు ఎరుపు, నెమలిపించం రంగు ఎంత నిండుగా నిలుస్తాయో పొలాల్లో ఊడుపులకు వెళ్ళే స్త్రీలను చూస్తే తెలుస్తుంది. ఒంటి రంగును లోపంగా చూసే మనసే “నీకు ఆ రంగు నప్పదు” అంటుంది. తప్పు రంగుది కాదు.

బీరువాలో ఎవరి ఇష్టం

తెలుగిళ్ళల్లో సొంత కట్టుకు అసలు అడ్డంకి ఫ్యాషన్ కంటే పెద్దది ఇంకొకటి ఉంది. బీరువాలో సగం చీరలు ఆ ఇంటి ఆడమనిషి కొన్నవి కావు. పెళ్ళిళ్ళు, పేరంటాలు, గృహప్రవేశాలు, సీమంతాలు, ఆషాఢ మాసపు సారెలు. కోనసీమ మర్యాదలో బట్టలు పెట్టనిదే ఏ శుభకార్యమూ పూర్తి కాదు. ఈ అవసరం కోసమే కొట్లలో పెట్టుబడి చీరలని వేరే అర ఉంటుంది. వాటిని కొనేవారు ఎవరు కట్టుకుంటారో చూసి కొనరు. ఇన్ని చీరలు ఇంత ధరలో అని లెక్క చూసి కొంటారు. పుచ్చుకున్నవారు మరో పేరంటంలో ఇంకొకరికి పెడతారు. కొన్ని చీరలు మడత విప్పకుండానే నాలుగైదు ఇళ్ళు తిరుగుతాయి. మగవారికి వచ్చే ప్యాంటు ముక్క, చొక్కా ముక్క పెట్టెలదీ అదే దారి.

ఇందులో ఆప్యాయత ఉంది, దాన్ని కాదనలేం. కానీ ఇతరుల లెక్కతో నిండిన బీరువాలో తన తీరు వెతుక్కోవడం కష్టం. ముందు చేయవలసిన పని అన్నీ బయట పడేసి, గడిచిన రెండేళ్ళలో మళ్ళీ మళ్ళీ కట్టినవి ఏవో విడిగా పెట్టడం. ఆ చిన్న దొంతరలోనే సమాధానం ఉంటుంది. అందులో తిరిగి తిరిగి కనిపించే రంగు, అంచు వెడల్పు, గుడ్డ బరువు, జాకెట్టు మెడ కోత చూస్తే, ఎవరూ చెప్పకుండానే మనిషి తనకు ఏది ఇష్టమో ఎంచుకుంటూనే ఉందని తేలుతుంది. మిగతావాటిలో కొన్ని అమ్మమ్మవి, కొన్ని పెళ్ళినాటివి. అవి జ్ఞాపకాలు, వాటికి వేరే చోటు ఉంటుంది. తక్కినవి అవసరమైనవారి చేతికి వెళ్ళిపోతే బీరువాకూ మనసుకూ బరువు తగ్గుతుంది.

ఊరి గాలి, గుడ్డ గుణం

కోనసీమలో గాలి ఏడాదిలో ఎక్కువకాలం తడిగా ఉంటుంది. చెమట ఆరదు. ఈ ఒక్క విషయం ఎన్నో దుకాణాల సలహాల కంటే ఎక్కువ చెప్తుంది. మామూలు గాలిలో నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పీల్చుకుంటుంది, పట్టు 11 శాతం దాకా తీసుకుంటుంది. పాలిస్టర్ పీల్చేది 0.4 శాతమే. పాలిస్టర్ చొక్కా లోపల చెమట ఒంటి మీదే నిలిచి, వాసన వస్తుంది. నిగనిగలాడే సింథటిక్ చీర ఏసీ హాల్లో ఎంత బాగున్నా, మే నెలలో ఓడలరేవు గాలిలో అరగంట ఉంచితే ఆ అందం చిరాకుగా మారుతుంది. సుఖంగా లేని మనిషి ఎంత ఖరీదైనది కట్టినా ఆ ఇబ్బంది ముఖంలో తెలిసిపోతుంది. కాబట్టి ఇక్కడ సొంత కట్టుకు పునాది నూలు. అందులోనూ నేత నూలు. 80, 100, 120 అని చెప్పే నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది, చీర తేలికవుతుంది. ఉతికిన కొద్దీ మెత్తబడడం మంచి నూలు గుణం. ఎక్కువ గంజి పెట్టి నిలువుగా నిలబడే చీర ఒక అందం, గంజి లేకుండా ఒంటికి వాలిపోయే చీర ఇంకో అందం. ఏది తనదో తేల్చుకోవడం కూడా తీరులో భాగమే.

పని రెండో కొలత. బండి నడిపే ఉపాధ్యాయురాలికి పిన్నులు పెట్టిన కుచ్చిళ్ళో, సల్వారో కావాలి. చేపల తట్ట మోసే స్త్రీకి నడుముకు బిగించి కట్టిన కట్టు కావాలి. ఒకప్పుడు తెలుగు ప్రాంతాల్లో చీర ఎన్నో రకాలుగా కట్టేవారు: గోచికట్టు, తొమ్మిది గజాల మడికట్టు, కుడిపైట, ఎడమపైట. దేశమంతా చీరకట్లను సేకరించిన ఋతా కపూర్ చిస్తీ వందకు పైగా తీర్లు నమోదు చేశారు. వాటిలో చాలావాటికి లోపలి లంగా అక్కర్లేదు, రెండు కాళ్ళ మధ్య గుడ్డ సర్దుకోవడం వల్ల పరిగెత్తడానికీ వీలు. ఇప్పుడు దేశంలో ఎక్కువగా కనిపించేది నీవీ కట్టే. పాత కట్లలో ఏదో ఒకటి ఇంటి పెద్దావిడ దగ్గర నేర్చుకోవడం కంటే చవకైన, నిజమైన కొత్తదనం ఇంకోటి లేదు.

నైటీ గురించి కూడా మర్యాదగా మాట్లాడుకోవాలి. దాన్ని చూసి ముఖం చిట్లించే వ్యాసాలు చాలా వచ్చాయి. కానీ నైటీ మీద తువ్వాలో చున్నీయో వేసుకుని గుమ్మంలోకి, కూరల బండి దగ్గరికి, బడి గేటు దాకా వెళ్ళే కట్టును ఏ తారా నేర్పలేదు, ఏ డిజైనరూ గీయలేదు. ఉక్కపోతలో వంటింటి చాకిరీ చేసే స్త్రీలు తమకోసం తాము కుదుర్చుకున్న బట్ట అది. తమ అవసరాన్ని చూసి, లోకం మాట పక్కనపెట్టి ఎంచుకోవడమే సొంత తీరు అయితే, గత యాభై ఏళ్ళలో తెలుగునాట పుట్టిన అసలైన సొంత కట్లలో ఇది ఒకటి.

టైలరు, మ్యాచింగ్, మగవారి కథ

రెడీమేడ్ కొలతలు సగటు ఒంటి కోసం తీసినవి. సగటు ఒళ్ళు ఎవరికీ ఉండదు. ఊళ్ళో మిషను కుట్టే మనిషి ఇంకా అందుబాటులో ఉండడం పల్లెకున్న పెద్ద సదుపాయం, పట్నంవారు దీన్ని దాదాపు పోగొట్టుకున్నారు. సరిపోయిన ఒక జాకెట్టు ఆదిగా ఇచ్చి, మెడ ఎంత దించాలో, చేతులు మోచేతి దాకానా భుజం దాకానా అనేది ఒకసారి తేల్చుకుంటే, అదే కోత పదేళ్ళు నడిపించవచ్చు. మగవారికీ ఇదే వర్తిస్తుంది. చొక్కా భుజం కుట్టు భుజం ఎముక మీదే ఆగిందా లేదా అన్నది బ్రాండు పేరు కంటే ముఖ్యం. ఆ కుట్టు జారితే ఖరీదైన చొక్కా కూడా అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

మ్యాచింగ్ సెంటర్లు నేర్పిన క్రమశిక్షణను కొంత సడలించుకోవచ్చు. అంచు రంగుకు అచ్చంగా అదే రంగు టూ బై టూ ముక్క వెతకడం తెలుగు స్త్రీ ఎన్నో మధ్యాహ్నాలు తినేసింది. తెలుపు, నలుపు, ముదురు ఎరుపు, గచ్చకాయ రంగు, ఒక కలంకారీ ముక్క. ఈ నాలుగైదు జాకెట్లు బాగా కుట్టించుకుంటే పాతిక చీరలకు సరిపోతాయి. మగ్గం వర్కు జాకెట్టు ఒక్క చీరకే పనికొస్తుంది, చాకలికి వేయలేం, రెండేళ్ళకు బిగుతవుతుంది. పెళ్ళికి ఒకటి సరే, ప్రతి ఫంక్షన్‌కూ ఒకటి అనవసరం. ఇదే డబ్బుతో వశిష్ఠ పాయకు అవతల నరసాపురం పరిసరాల స్త్రీలు చేతితో అల్లే లేసును ఒక నూలు జాకెట్టు చేతులకు, చీర అంచుకు కుట్టించుకుంటే అది ఎన్నో చీరల మీదికి నడుస్తుంది. నూటయాభై ఏళ్ళకు పైగా సాగుతున్న ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విదేశాలకు ఓడలెక్కే ఆ లేసు, అల్లిన ఊళ్ళవారి ఒంటి మీద అరుదుగా కనిపిస్తుంది.

మగవారికి ఎంపిక తక్కువ అంటారు. నిజానికి వదులుకున్నవే ఎక్కువ. జుబ్బా, లాల్చీ, మల్లుపంచె, గళ్ళ లుంగీ, జరీ అంచు కండువా అన్నీ తాతల ఒంటి మీద రోజూ ఉన్నవే. ఇప్పుడు ఆఫీసుకు ఒక రకం ప్యాంటు, ఇంట్లో ఒక రకం షార్టు, పెళ్ళికి అద్దె షేర్వాణీ. పెళ్ళికొడుకు షేర్వాణీ మన గాలికి పుట్టింది కాదు. ఫోటోలు తీసేవారు చెప్పారని వేసుకుని పీటల మీద చెమటలు కక్కేవారిని చూస్తే జాలేస్తుంది. తెల్ల నూలు చొక్కా, మంచి అంచున్న పంచె, ఇష్టమైన ఒక రంగు కండువా వేసుకున్న మగవాడు ఏ పందిట్లోనూ తక్కువగా కనిపించడు.

మగ్గం దగ్గర చెప్పే మాట

తనకంటూ ఒక రంగు, ఒక అంచు తెలిసిన మనిషికి కోనసీమలో పెద్ద వరం చేనేత. అమలాపురాన్ని ఆనుకున్న బండారులంక నూలు చీరలకు పేరుపడ్డ ఊరు. కాకినాడ అవతల ఉప్పాడలో నేసే జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో పువ్వును యంత్రం వేయదు. పేకతో పాటు విడి దారాన్ని చేత్తో అమర్చుతారు. పనితనాన్ని బట్టి ఒక్క చీరకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చేనేత అని చెప్పి మరమగ్గం గుడ్డ అంటగట్టే మోసం ఎక్కువైంది కాబట్టి కొనేవారు కొంచెం చూసుకోవాలి. 2006 నుంచి కేంద్రం ఇస్తున్న హ్యాండ్‌లూమ్ మార్క్ ఒక ఆధారం. నేసేటప్పుడు గుడ్డను వెడల్పుగా సాగదీసి ఉంచే పుల్ల తాలూకు సన్నని సూది రంధ్రాలు అంచుల్లో కనిపించడం మరో గుర్తు. చేతి నేతలో అక్కడక్కడా దారం కొద్దిగా తేడాగా పడుతుంది. అది లోపం కాదు. కొత్తచీరను మొదటిసారి విడిగా చల్లటి నీళ్ళలో జాడించి నీడన ఆరేస్తే రంగు నిలుస్తుంది.

నేతగాడి దగ్గర నేరుగా కొనేవారికి దుకాణంలో దొరకని ఒక హక్కు ఉంటుంది. పడుగు వేయక ముందే తమ మాట చెప్పవచ్చు. చీర ఒంటి రంగు ఇది, అంచు ఇంత వెడల్పు, బుటా వద్దు, జరీ వద్దు, పైట చెంగు మీద గీతలు చాలు అంటే అలాగే నేసిపెట్టేవారు ఉన్నారు. ఒక్క చీర కోసం పడుగు వేయలేరు గనుక ఇద్దరు ముగ్గురు బంధువులు కలిసి అడగడం మేలు. 18వ శతాబ్దిలో బెండమూర్లంక రేవులో కంపెనీ ఏజెంటు ఏం నేయాలో చెప్పేవాడు, ఇప్పుడు టోకు వ్యాపారి చెబుతున్నాడు. కట్టుకునే మనిషే చెప్పడం మొదలైతే మగ్గానికి స్థిరమైన పని, కట్టుకునేవారికి తమదనిపించే గుడ్డ దొరుకుతాయి. వచ్చే సంక్రాంతికి చీర, పంచె కొనాలనుకునే అల్లవరం వాసులు పెద్ద కొట్ల మెట్లెక్కే ముందు ఒకసారి బండారులంక వెళ్ళి, తమకు కావలసిన రంగేదో నేతగాడికి చెప్పి చూడాలి. అమలాపురం మీదుగా గంటలోపు ప్రయాణమే.